అరచేతిలో తాళంచెవి అచ్చు

ఆ పొద్దున ఢిల్లీ ఆర్.కె. పురంలో ఎదురు బ్లాకు కూడా కనబడనంత మంచు పట్టింది. బాల్కనీ కమ్మీ మీద పావురాలు ఉన్నాయో లేవో వాటి గొంతును బట్టి తెలియాల్సిందే. మాణిక్యాంబ వంటింట్లో నిలబడి, కాచి చల్లార్చిన నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి కలుపుతోంది. ముందురోజు నుంచి మనవరాలు శ్రుతికి వాంతులూ విరేచనాలూ. డాక్టరు చూసి, పొట్టలో ఏదో వైరస్ చేరిందనీ, ఈ చలికాలంలో ఏ ఇంట చూసినా ఇదేననీ, నీళ్ళు మాత్రం తగ్గకుండా పట్టమనీ చెప్పి పంపాడు.

"అత్తయ్యా, గ్లాసుతో పట్టకండి. స్పూనుతో కొంచెం కొంచెంగా. గబగబా పడితే మళ్ళీ కక్కేస్తుంది," అంది మైథిలి, ఒక చేత్తో లాప్‌టాప్ బ్యాగు జిప్పు లాగుతూ.

"నాకు తెలియదటమ్మా? నీ మొగుణ్ణి పెంచింది ఎవరు, మీ గుర్గావ్ ఆఫీసు వాళ్ళా?"

"ఆ పెంపకం చూస్తూనే ఉన్నాంగా. ఇప్పటికీ తన సాక్సు తనకి దొరకవు."

"దొరికాయి!" అని లోపల్నుంచి అరిచాడు రఘువీర్. "ఒకటి దొరికింది."

మైథిలి నవ్వింది కానీ ఆ నవ్వు పాప మీదికి వెళ్ళేసరికి ఆగిపోయింది. ఏడాదిన్నర పిల్ల. ఉన్ని టోపీలోంచి మొహం చిన్న రేగిపండులా కనబడుతోంది. ఒళ్ళు వేడిగా లేదు. చేతిలో బిస్కెట్టు పట్టుకుని, కిటికీ వైపు చూసి "కబూ, కబూ" అంటోంది. పనిమనిషి నేర్పిన కబూతర్ అది. పావురం అని మాణిక్యాంబ ఎంత నేర్పినా దాని నోట రాలేదు.

"సెలవు పెట్టనా? పెడితే మా మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు, అంతే."

"పెట్టకు. నేనున్నానుగా."

"సరే. వెళ్తున్నా."

"వెళ్ళొస్తానను తల్లీ."

"అదేలెండి, అత్తయ్యా!" అంటూనే మైథిలి మెట్లు దిగిపోయింది. ఆ వెనకే రఘువీర్. వాళ్ళ అడుగుల చప్పుడు కింది గేటు దగ్గర ఆగేదాకా మాణిక్యాంబ తలుపు వెయ్యలేదు. ఎవరు గడప దాటినా ఆమెకి అదే అలవాటు. వెళ్ళేవాళ్ళ వీపు కనుమరుగవకముందే తలుపు వేస్తే ఆ మనిషిని తానే బయటికి నెట్టినట్టుంటుంది.

పాపకి నాలుగు చెంచాలు పట్టి, గుడ్డ మార్చి, ఒళ్ళో వేసుకుని కూర్చుంది. శ్రుతి బిస్కెట్టు కింద పడేసింది. వంగి తీసి ఇద్దామని చూసేసరికి పాప కళ్ళు పైకి వెళ్ళిపోయి ఉన్నాయి. చేతులూ కాళ్ళూ కొయ్యబారి, ఆ తర్వాత టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పెదాలు నీలంగా మారాయి. పిలిస్తే వినబడడం లేదు.

ఎన్నో ఏళ్ళుగా చూడకపోయినా మాణిక్యాంబ ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది. ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే బొడ్డున దోపుకున్న బీరువా తాళాల గుత్తిని లాగి, పాప గుప్పిట్లో పెట్టి, పైనుంచి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఇనుము చేతిలో ఉంటే దిగిపోతుందని వాళ్ళమ్మ అనేది. వాళ్ళమ్మ అలాగే చేసేది. "వద్దమ్మా, వద్దు, నా తల్లి వద్దు," అంటూ ఆ నొక్కు వదలకుండా కూర్చుంది.

కాసేపటికి అదే ఆగింది. పాప మెత్తబడి నిద్రలోకి జారింది. ఊపిరి సమంగానే ఉంది. మాణిక్యాంబ ఫోను చేతిలోకి తీసుకుంది. మైథిలి పేరు దాకా వెళ్ళింది వేలు. అక్కడే ఆగిపోయింది.

అనసూయ ఆమెకి అక్క. బళ్ళో చదువుకున్నది అక్కే. ఇంటి దగ్గర బొగ్గుముక్కతో అరుగు మీద అక్షరాలు రాసి చెల్లెలికి చదవడం నేర్పింది కూడా అక్కే. ఆ అక్కకి ఫిట్స్ వచ్చేవి. ఇంట్లో దానికి పేరు లేదు. "దానికి మళ్ళీ 'అది' వచ్చింది" అనేవారు, తలుపులు మూసి. "ఆ మాట ఈ గడప దాటిందా, ఆడపిల్ల బతుకు బుగ్గి," అని నాన్న పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడు. ఎవరూ దాటించలేదు. అక్క పెళ్ళయింది. బండి కదులుతుంటే వెనక్కి తిరిగి చెయ్యూపింది. మళ్ళీ మాణిక్యాంబ అక్కని చూసింది లేదు. పెళ్ళైన ఏడాది లోపలే పోయింది.

ఫోను పక్కన పెట్టేసింది. పిల్ల ఉలిక్కిపడింది, అంతే, అనుకుంది. నీరసానికి వచ్చిన వణుకు. పైగా లేచాక శ్రుతి మామూలుగానే ఉంది. నాయనమ్మ ముక్కు పట్టుకు లాగింది. పెరుగన్నం రెండు ముద్దలు తింది. మంచు విడిచాక బాల్కనీలోకి తీసుకెళ్తే పావురాన్ని చూసి చప్పట్లు కొట్టింది. చూశావా, ఏమీ లేదు, అని మాణిక్యాంబ తనకి తానే రోజంతా చెప్పుకుంటూ ఉంది. చెప్పుకున్న ప్రతిసారీ పిల్ల కళ్ళలోకి ఒకసారి తొంగి చూసింది.

సాయంత్రం మైథిలి త్వరగా వచ్చింది. చెప్పులు విడుస్తూనే పాపని ఎత్తుకుంది. చేతులు కడుగుదామని గుప్పిట విప్పి ఆగింది. అరచేతిలో ఎర్రగా కమిలిన గీత. దాని పక్కన పళ్ళు పళ్ళుగా చిన్న చుక్కలు.

"ఇదేంటత్తయ్యా?"

"ఏదీ? ఓ, అదా. తాళాలు పట్టుకుని ఆడుకుంది."

"ఇంత గట్టిగానా? పడిందా ఏమన్నా?"

"పడలేదమ్మా. పిల్లలన్నాక గీరుకుంటారు. కాఫీ పెట్టనా?"

మైథిలి ఇంకేదో అడగబోయింది. అంతలో రఘువీర్ తలుపు తీసుకుని వచ్చాడు. నాన్నని చూసి చేతులు చాచిన పిల్ల, ఆ చేతులు చాచినట్టుగానే బిగుసుకుపోయింది.

"రఘూ! రఘూ, చూడు! శ్రుతీ!"

వాళ్ళిద్దరికీ ఏం చెయ్యాలో తోచేలోపే మాణిక్యాంబ వచ్చేసింది. గుత్తి తీసింది, పాప గుప్పిట విప్పింది, ఆ కమిలిన గీత మీదే తాళాలు పెట్టి నొక్కింది. తడబాటు లేదు, వెతుకులాట లేదు.

మైథిలి ఆ చేతిని చూసింది. ఆ తర్వాత అత్తగారి మొహంలోకి చూసింది.  పాపని శాలువాలో చుట్టి, రఘువీర్ ఆటో పిలిస్తే ఎక్కి కూర్చుంది. దారిలో ట్రాఫిక్ ఎరుపు దీపాల దగ్గర ఆగిన ప్రతిసారీ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. మాణిక్యాంబ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆసుపత్రిలో పాపని మంచం మీద పడుకోబెడుతుండగానే మరోసారి వచ్చింది. నర్సులు పరుగెత్తారు. మందేదో ఎక్కించారు, నెత్తురు తీశారు. తెల్లకోటు వేసుకున్న ఒక యువతి, ఆమే డాక్టరమ్మ, బయటికి వచ్చి హిందీలో గబగబా అడిగింది. జ్వరం ఉందా? తల ఎక్కడైనా తగిలిందా? ఇంతకు ముందెప్పుడైనా ఇలా వచ్చిందా? రఘువీర్ అన్నిటికీ "నహీ" అన్నాడు. మైథిలి అత్తగారి బొడ్డున ఉన్న తాళాల గుత్తినే చూస్తోంది.

"జ్వరం లేకుండా, ఇంత తొందర తొందరగా రెండుసార్లు వచ్చిందంటే మెదడుకి ఇన్ఫెక్షన్ ఏమైనా చేరిందేమో చూడాలి," అంది డాక్టరమ్మ. "రక్తపరీక్షలు వచ్చాక వెన్నులోంచి నీరు తీయాల్సి రావచ్చు. సంతకం చెయ్యడానికి ఒకరు ఇక్కడే ఉండండి."

వెన్ను అన్న మాటకి రఘువీర్ గోడకి చేరగిలబడ్డాడు. డాక్టరమ్మ లోపలికి వెళ్ళగానే మైథిలి తిరిగింది.

"పొద్దున వచ్చిందా, రాలేదా? ఆ ఒక్కటీ చెప్పండి."

"మైథిలీ, అమ్మని..."

"నువ్వాగు రఘూ. ఆ తాళాలు అంత సిద్ధంగా ఎలా వచ్చాయో నువ్వు చూడలేదు, నేను చూశాను. పాప చెయ్యి పట్టుకుని నేను అడిగాను. నా మొహంలోకి చూసి అబద్ధం చెప్పారు ఈవిడ. అత్తయ్యా, వచ్చిందా?"

మాణిక్యాంబ కొంగు కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "ఆడపిల్ల మైథిలీ..."

"ఆడపిల్లైతే?"

"ఆ పేరు ఒకసారి పడిందంటే పోదమ్మా. రేపు ఎవరు చేసుకుంటారు? ఎక్కడికి వెళ్ళినా అదే చెప్పుకుంటారు. నీకు తెలీదు."

"ఏడాదిన్నర పిల్లండీ అది!" మైథిలి గొంతు కారిడార్ అంతా వినబడింది. అవతల బెంచీ మీద వాళ్ళు తలలు తిప్పారు. "దానికి పాలపళ్ళు పూర్తిగా రాలేదు. మీరు దాని పెళ్ళి గురించి ఆలోచించి నాకు ఫోన్ చెయ్యలేదా? అక్కడ నేను మీటింగులో కూర్చుని ఎవడో వేసిన జోకుకి నవ్వుతున్నాను. ఇక్కడ నా పిల్ల..." లోపలి వైపు చెయ్యి చూపించింది. మళ్ళీ అందుకుంది. "ఇంక మీ దగ్గర వదలను. ఇంటికెళ్ళాక క్రెష్‌లో వేస్తాను. ఎవరేమన్నా సరే."

"మైథిలీ, ఇప్పుడా ఆ మాటలు?" అన్నాడు రఘువీర్. భార్యకి చెప్పాడేగానీ తల్లి పక్కకి రాలేదు. అది మాణిక్యాంబ గమనించింది.

పిల్ల దూరమవుతుందన్న మాట ఆమె గుండెలో నేరుగా దిగింది. పొద్దున ఫోను పక్కన పెట్టినప్పుడు ఆమె భయపడింది ఆ మాటకి కూడా. ఇప్పుడు అవునంటే ఆ దూరం ఖాయం. కాదంటే, లోపల ఆ చిన్న వెన్నులో సూది. గాజు తలుపు అవతల శ్రుతి చెయ్యి కనబడుతోంది. సెలైన్ కోసం అట్టముక్కకి కట్టేశారు. కట్టు అంచున ఎర్ర గీత.

డాక్టరమ్మ కాగితాలతో మళ్ళీ బయటికి వచ్చింది. రఘువీర్ కలం కోసం జేబు తడుముకుంటుంటే మాణిక్యాంబ లేచి ఎదురు నిలబడింది.

"బేటీ," అంది. కూరగాయల బండివాడితో తప్ప ఎవరితోనూ ఆమె హిందీ మాట్లాడి ఎరగదు. "సుబహ్ భీ ఆయా. మై దేఖా. కిసీకో నహీ బోలా." పొద్దున కూడా వచ్చిందనీ, చూసి ఎవరికీ చెప్పలేదనీ.

"అమ్మా, నువ్వు తెలుగులో చెప్పు, నేను చెప్తాను," అన్నాడు రఘువీర్.

"వద్దురా. నేనే చెబుతాను. దాచింది నేను."

డాక్టరమ్మ కాగితాలు మూసింది. కోప్పడలేదు. పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. కళ్ళు ఎటు తిరిగాయి? రెండు చేతులూ కొట్టుకున్నాయా, ఒక్కటేనా? ఎంతసేపు? లేచాక మనిషిని గుర్తుపట్టిందా? తిన్నదా? మధ్యలో ఒళ్ళు కాలిందా? మాణిక్యాంబకి అన్నీ గుర్తున్నాయి. రోజంతా ఆ పిల్లని వెయ్యి కళ్ళతో చూసింది కదా. హిందీ చాలని చోట చేతులతో చేసి చూపింది. "హసీ," అంది. "కబూతర్ దేఖ్ కే హసీ. తాలీ బజాయీ." అని పావురాన్ని చూసి నవ్విన సంగతి చెప్పి, తన ముడతల చేతులతో మెల్లగా చప్పట్లు కొట్టింది.

మైథిలి చటుక్కున మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇదే నాకు కావలసింది," అంది డాక్టరమ్మ, రఘువీర్ వైపు తిరిగి. "పొద్దున ఒకసారి వచ్చి, రోజంతా ఆడుకుని, తిని, నవ్వి, మళ్ళీ సాయంత్రం వచ్చిందంటే లెక్క వేరు. పొట్టలో వైరస్ ఉన్న చిన్నపిల్లల్లో కొందరికి జ్వరం లేకుండానే ఇలా ఫిట్స్ వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో వరసగా వచ్చి ఆగిపోతాయి. పాప ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తోంది, మెడ మెత్తగానే ఉంది, రక్తంలో చక్కెరా ఉప్పులూ సరిగానే వచ్చాయి. వెన్నుపరీక్ష ఇప్పుడే చెయ్యను. దగ్గర పెట్టుకుని చూస్తాం. ఏ మాత్రం తేడా కనిపించినా అప్పుడు ఆలోచిద్దాం."

వెళ్ళబోతూ మాణిక్యాంబ బొడ్డున ఉన్న గుత్తిని చూసింది. "మాతాజీ, తాళాలు వద్దు. చేతిలో ఏదీ పెట్టకండి, నోట్లో అసలే వద్దు. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి. గడియారం చూడండి. వెంటనే ఎవరినన్నా పిలవండి. ఒంటరిగా ఉండకండి."

మర్నాటికి శ్రుతికి మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం కిటికీ అద్దంలోంచి పల్చటి ఎండ మంచం మీద పడుతుంటే, తల్లి చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మలపరీక్షలో వైరస్సే అని తేలింది. రోజూ వేసుకునే ఫిట్స్ మందులు అక్కర్లేదన్నారు. ఇలాంటివి సాధారణంగా మళ్ళీ రావనీ, వస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మనీ చెప్పారు. రఘువీర్ టీ తెచ్చాడు. ముగ్గురూ తాగారు. నిన్నటి మాటలు ముగ్గురి మధ్యా అలాగే ఉన్నాయి.

మైథిలే మొదలుపెట్టింది, పాప మీద నుంచి కళ్ళు తీయకుండా. "నిన్న అన్నారు, నీకు తెలీదు అని. ఏం తెలీదు నాకు?"

"ఎందుకులే అమ్మా."

"చెప్పండి."

"మా అక్కకి ఉండేది. అనసూయకి."

రఘువీర్ కప్పు దించాడు. "నీకు అక్క ఉందా?"

నలభై ఏళ్ళ కొడుకు. వాడికి పెద్దమ్మ ఉండేదని ఇంతవరకు తెలియదు. అంత బాగా దాచారు ఆమెని, పోయాక కూడా. మాణిక్యాంబ చెప్పింది. బొగ్గుముక్క గురించి, మూసిన తలుపుల గురించి, కదిలిన బండి గురించి. "అత్తారింట్లో ఒకరోజు బట్టలు ఉతకడానికి కాలవకి వెళ్ళింది. నీళ్ళలో ఉండగా వచ్చింది కాబోలు. మోకాలి లోతు లేదట అక్కడ. ఎవరో వచ్చి చూసేసరికి..."

"ఒంటరిగా ఎలా పంపారండీ?" అంది మైథిలి. "ఫిట్స్ ఉన్న మనిషిని?"

"వాళ్ళకెలా తెలుస్తుందమ్మా. చెప్పకుండా కదా పెళ్ళి చేసింది."

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది. ఇన్నేళ్ళూ అది లోపలే ఉంది. ఎప్పుడూ పైకి అనలేదు కాబట్టి ఎప్పుడూ వినలేదు. అక్కని 'అది' తీసుకుపోయిందనే ఆమె నమ్మింది. చెప్పి ఉంటే అత్తగారు తిట్టేదేమో, పుట్టింటికి పంపేసేదేమో. కానీ కాలవకి వెళ్ళేటప్పుడు వెంట ఒకరు వెళ్ళేవారు. మోకాలి లోతు నీళ్ళు. చెయ్యి పట్టి లేపడానికి ఒక్క మనిషి చాలు.

"చెప్పి ఉంటే..." అంది.  నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ముసలి వయసులో ఏడుపుకి చప్పుడు ఉండదు, భుజాలు మాత్రం కదులుతాయి. రఘువీర్ వచ్చి ఆ భుజం మీద చెయ్యి వేశాడు. మైథిలి లేవలేదు. పాప తల కింద ఉన్న చెయ్యి తీయలేదు. రెండో చేత్తో మాత్రం తన టీ కప్పు పక్కనున్న మంచినీళ్ళ సీసా అత్తగారి వైపు జరిపింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకి ఎండ కాసింది. బ్లాకు ముందు గడ్డిలో ఆడవాళ్ళంతా కుర్చీలు వేసుకుని వీపులు కాచుకుంటున్నారు. మైథిలి సెలవులో అదే చివరి రోజు. క్రెష్ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు, వద్దనీ అనలేదు. మాణిక్యాంబ ఆ మాట కోసం ఎదురుచూస్తూ బఠాణీలు వలుస్తోంది. శ్రుతి తొక్కలు ఏరుకుని తన టోపీలో వేసుకుంటోంది.

కింది ఇంటి భాటియా ఆంటీ అడిగింది, "అరే మైథిలీ, పాపని ఆసుపత్రిలో పెట్టారట కదా? ఏమైంది?"

"ఏం లేదు ఆంటీ," అంది మైథిలి చప్పున. "పేట్ ఖరాబ్ థా. పొట్ట చెడింది, అంతే."

బఠాణీ కాయ మాణిక్యాంబ వేళ్ళ మధ్య ఆగిపోయింది. కోడలి వైపు చూసింది. మైథిలి తల వంచుకుని పాప స్వెట్టర్ బొత్తాం సరిచేస్తోంది, అది సరిగానే ఉన్నా. ఆ వంచిన మెడలో ఉన్నది ఏమిటో మాణిక్యాంబకి తెలుసు. నాన్న వరసగా నిలబెట్టి నేర్పింది అదే.

"దౌరా పడా థా," అంది మాణిక్యాంబ. అందరికీ వినబడేటట్టుగానే. "ఫిట్స్. వైరస్ సే. మై అకేలీ థీ, నేనొక్కదాన్నే."

 అటు చివర కూర్చున్నావిడ తన మనవణ్ణి దగ్గరికి లాక్కుంది. మాణిక్యాంబ అది చూసింది. నాన్న చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. మైథిలి మొహం ఎర్రబడింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది, అనుకుంది మాణిక్యాంబ.

మైథిలి లేవలేదు. "అవును ఆంటీ," అంది. "నిజమే. మళ్ళీ రాదన్నారు. కానీ రేపట్నుంచి నేను ఆఫీసుకి వెళ్ళాక ఎప్పుడైనా అత్తయ్య వచ్చి మీ తలుపు కొడితే, ఏమీ అడక్కుండా పైకి వచ్చేయండి."

"హాయ్ రబ్బా, ఇది చెప్పాలా? కొట్టడమెందుకు, పైనుంచి ఒక్క కేక వేస్తే చాలదూ," అంది భాటియా ఆంటీ. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. "అలా వస్తే ఏం చెయ్యాలట?"

మాణిక్యాంబ బఠాణీల పళ్ళెం పక్కన పెట్టింది. శ్రుతిని ఒళ్ళోకి తీసుకుని, మెల్లగా పక్కకి ఒత్తిగిలించి చూపించింది. పిల్ల అది ఆటనుకుని కిలకిలా నవ్వింది.

మర్నాటి పొద్దున మైథిలి చెప్పులేసుకుంటుంటే మాణిక్యాంబ పాపని ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. ఆమె బొడ్డున తాళాలు లేవు. తలుపు పక్కన మేకుకి వేలాడుతున్నాయి.

"ఏదన్నా సరే ఫోన్ చెయ్యాలి, అత్తయ్యా. తుమ్మినా సరే."

"మీ మేనేజర్ మొహం మాడ్చుకుంటే?"

"మాడ్చుకోనివ్వండి." రెండు మెట్లు దిగి ఆగింది మైథిలి. వెనక్కి తిరిగి చూసింది. "వెళ్ళొస్తానత్తయ్యా."

గేటు చప్పుడు వినబడేదాకా మాణిక్యాంబ తలుపు వెయ్యలేదు. తర్వాత లోపలికి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని పాప గుప్పిట విప్పింది. అరచెయ్యి నున్నగా, గులాబీ రంగులో ఉంది. ఆ అచ్చు ఎప్పుడో మాసిపోయింది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా వెలుగు కేసి తిప్పి, మరోసారి చూసింది.